రామచంద్రపురము చేరువ తాటితోపుల పల్లె

గడచిన ఫిబ్రవరి నెలలో నొక శనివారమునాడు మా తరగతి బాలురను వెంటబెట్టుకొని రామచంద్రపురమునకు సమీపముననున్న యొక చిన్న పల్లెకు బోయితిమి. త్రోవలో నొక బాలుడు "అయ్యా, ద్రాక్షారామములో ద్రాక్షతోట లున్నవా?" యని యడిగెను. ప్రశ్న మంచిదే. ఆ యూరి ప్రాచీన నామము దక్షారామము. దక్షప్రజాపతి పేర నది వచ్చినదని స్థలపురాణము చెప్పును. ద్రాక్షతీగెకు నీరు నిలువని నేలయు, పండు పక్వమగు కాలమున పొడిగాలియు గావలెను. హైదరాబాదు పరిసరములలో అనాబెషాహి ద్రాక్ష ప్రసిద్ధి కెక్కినది గాని, మన గోదావరి డెల్టాలోని బంకమన్ను దానికి హితము గాదు. ఫ్రాన్సు దేశపు పల్లెలకు ద్రాక్ష యెట్టిదో, మన పల్లెలకు తాడిచెట్టట్టిది.

పల్లె మిక్కిలి ప్రశాంతముగా నుండెను. కాలువగట్టున తాళ్లు వరుసదీరి నిలిచియుండెను. గీతపనివాడొకడు నడుమునకు మోకును, పాదములకు బంధమును తగిలించుకొని, గీతకత్తితో నిలువుగా చెట్టెక్కుచుండెను. పోతుతాడు, పండుతాడు రెండును రసము నిచ్చును. లేత గెలను కొన్నిదినములు మెల్లగా నొక్కి మెత్తబరచి, పిమ్మట దాని కొనను ఉదయ సాయంకాలములయందు పలుచగా చెక్కి, క్రింద లొట్టి గట్టుదురు. చెక్కుట మానినచో గాయమెండి రసము నిలిచిపోవును. కావున పండుగయైనను జ్వరమైనను దినమునకు రెండుమారులు చెట్టెక్కక తీరదు. మోకు తెగినను కాలు జారినను బ్రదుకే పోవచ్చును.

చెట్టునుండి దిగు రసము మత్తుగొలుపునది కాదు. అది తేటగా, తియ్యగా నుండును. దానిలో నూటికి సుమారు 12 పాళ్లు చక్కెర యుండును. గాలిలోను లొట్టిలోను నుండు సూక్ష్మజీవులు కొలది గంటలలోనే యా చక్కెరను సారాయముగాను బొగ్గుపులుసు వాయువుగాను మార్చును. కల్లు నురుగెత్తుట కిదియే కారణము. ద్రాక్షరసమునందును జరుగునది యిదియే. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లూయీ పాస్టరు 1866లో ద్రాక్షమద్యమును గూర్చి యొక గ్రంథమును ప్రకటించెను. లొట్టి లోపల సున్నము పూసినచో నా సూక్ష్మజీవులు వృద్ధిపొందవు. రసము తీపిగానే నిలుచును. దానిని పెనములో మరిగించి చిక్కబరచిన తాటిబెల్లమగును.

ఇంతలో చెట్టు దిగివచ్చిన యాతని జూచి మా బాలురలో నొకడు వెనుకకు దాగెను. ఆతడు వాని తండ్రియే. అంతకు కొలదిదినముల ముందు మేము తరగతిలో కల్లుత్రాగుటను ఖండించుచు, కల్లుగీయువారినిగూడ నిందించితిమి. అప్పుడు వాడు తలవంచుకొని కూర్చుండుట మాకు జ్ఞప్తికి వచ్చి, మిక్కిలి సిగ్గుపడితిమి.

బెల్లమే యేల చేయరాదని యాతని నడిగితిమి. "సేత్తామండి మాస్టారూ, కానీ కాయడానికి కట్టెలెక్కడివండి? పొద్దంతా పొయ్యికాడ కూకున్నా కట్టెల కరుసు రాదండి" అని యాతడు బదులు చెప్పెను.

1934లో గాంధీగారి ప్రేరణచే నేర్పడిన అఖిలభారత గ్రామపరిశ్రమల సంఘము తాటిబెల్లమును ప్రోత్సహించెను. మద్రాసు రాజధానిలో 1937లో సేలము జిల్లాయం దారంభమైన మద్యనిషేధము 1948లో రాష్ట్రమంతటికి విస్తరించెను. శాసనము కల్లును నిషేధింపగలదు గాని, బెల్లమునకు గిరాకిని కలిగింపజాలదు. కొనువారు లేనిచో గీతపనివాడేమి చేయును?

త్రాగుడు సంసారములను చెరచునని మేమిప్పటికిని బోధింతుము. దాని వలన పస్తులున్న బిడ్డలను మేమెరుగుదుము. అయినను ప్రాణమునకు తెగించి చెట్టెక్కువానిని నిందించుట మా పొరపాటే. సోమవారమునాడు ఆ బాలుని పిలిచి, లొట్టికి సున్నము పూయు విధమును తరగతికి వివరింపుమంటిమి. మొదట వాని కంఠము వణికెను. తరువాత మోకు, కత్తి, లొట్టి బొమ్మలను నల్లబల్లపై గీసి, బాలు రడిగిన ప్రశ్నలకెల్ల చక్కగా సమాధానములు చెప్పెను. వానిలో సగము మాకును తెలియని సంగతులే.

తలిదండ్రులకు మా మనవి యొక్కటే. ఇంటికి బెల్లము కొనునపుడు తాటిబెల్లమును గూడ నడుగుడు. దొరకినచో తగిన వెలయిచ్చి కొనుడు.