ఆయన దుబాయిలో... ఆమె బెల్లంపల్లిలో!

అమెరికా సంబంధం చేసుకున్న పిల్ల పెళ్లయిన కొన్నాళ్లకే మొగుడి వెంట విమానం ఎక్కుతుంది. దుబాయి సంబంధం చేసుకున్న పిల్ల మాత్రం అత్తగారింట్లోనే ఉండిపోతుంది. ఇదేమని అడిగితే "తలరాత" అంటారు పెద్దవాళ్లు. తలరాత కాదమ్మా, వీసా రాత!

యు.ఏ.ఇ. నిబంధనల ప్రకారం భార్యను పిలిపించుకోవాలంటే నెలకు 4,000 దిర్హాముల జీతమన్నా ఉండాలి, లేదా 3,000 జీతంతోపాటు కంపెనీ వసతి ఉండాలి. తాపీపనికో, సఫాయి పనికో పోయినవాడికి అంత ఎక్కడ వస్తుంది? లేబర్ క్యాంపులో ఒకే గదిలో పైనా కిందా మంచాలే గతి. అమెరికాలో హెచ్-1బి మీద పోయినవారి భార్యకు హెచ్-4 వీసా ఇస్తారు. (ఇల్లు కదలకుండా కూర్చోవాల్సిన బాధ అక్కడా ఉండేది. 2015 నుంచి కొందరికి మాత్రం ఉద్యోగం చేసుకునే వీలు దొరికింది.)

మన బెల్లంపల్లి సంగతే చూడండి. 1927లో ఇక్కడ బొగ్గు తవ్వకం మొదలయ్యాక ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చారు. వాళ్లూ వలస కూలీలే! కానీ ఆలుబిడ్డలను తెచ్చుకున్నారు. క్వార్టర్లు, బడి, దవాఖానా, బజారు... అలా ఊరు నిలబడింది. ఖతార్‌లో, యు.ఏ.ఇ.లో పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది పరాయి దేశాలవాళ్లే. అయినా మన కూలీ ఎన్నేళ్లు చాకిరీ చేసినా అక్కడివాడు కాలేడు. పని కావాలి గానీ పనివాడి సంసారం వద్దన్నట్టు ఉంటుంది వాళ్ల వరస.

ఇక్కడేమో గనులు ఒక్కొక్కటే మూతబడ్డాయి. 1990ల మొదట్లో లక్ష దాటిన సింగరేణి కార్మికులు తర్వాత సగానికన్నా తక్కువయ్యారు. తండ్రి గని దిగితే, కొడుకు ఎడారి దారి పట్టాడు.

మరి ఆడవాళ్లమే పోతే? పదో తరగతి పాసుకాని వారి పాస్‌పోర్టుకు ఇ.సి.ఆర్. అని ఉంటుంది. అలాంటివారు గల్ఫ్‌తో సహా 18 దేశాలకు పనికి పోవాలంటే మన ప్రభుత్వ అనుమతి కావాలి. ఆడవాళ్లకైతే 30 ఏళ్లు నిండాలి కూడా. మంచికే పెట్టారనుకోండి, కానీ అప్పు తీర్చే తొందరలో ఉన్నవాళ్లను ఏజెంట్లు విజిట్ వీసా మీద దొంగదారిన పంపిస్తున్నారు. అక్కడ గొడవొచ్చి కఫీల్‌ను వదిలి బయటపడితే "ఖల్లివెల్లి" అయిపోయినట్టే. ఆరోగ్యం చెడినా, ఇంట్లో చావు జరిగినా కదల్లేరు. 2024 సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా యు.ఏ.ఇ. ఇచ్చినట్టు క్షమాభిక్ష ఎప్పుడిస్తారా అని ఎదురుచూడాలి.

అందుకే ఇంటాయన బ్యాగు సర్దేముందే అడగండి: "విజిట్ వీసానా, పని వీసానా?" ఏజెంటుకు ప్రభుత్వ లైసెన్సు ఉందో లేదో ఇ-మైగ్రేట్‌లో చూపించమనండి. ప్రవాసీ భారతీయ బీమా యోజనకు రెండేళ్లకు 275 రూపాయలే, ప్రమాదంలో ప్రాణం పోతే 10 లక్షలు. 2023 డిసెంబరు 7 తర్వాత గల్ఫ్‌లో చనిపోయినవారి కుటుంబాలకు 5 లక్షలివ్వాలని తెలంగాణ ప్రభుత్వమూ 2024లో నిర్ణయించింది. దేనికైనా కాగితాలే ముఖ్యం. పాస్‌పోర్టు, వీసా, అగ్రిమెంటు జిరాక్సులు మీ దగ్గరే, పట్టుచీరల అడుగున పెట్టుకోండి.