4.6 బరువైన క్వెరీలు: ఒక్క అభ్యర్థనతో సర్వర్ ఎలా నిలిచిపోతుంది?

సేవా నిరాకరణ దాడి అనగానే వేల కంప్యూటర్లు ఒకేసారి ఒక సర్వర్ మీద పడటం మీకు గుర్తుకు వస్తుంది. గత భాగంలో చదివింది అదే. కానీ అంత సైన్యం అక్కరలేదు. పది పంక్తులు కూడా లేని ఒక్క క్వెరీ చాలు. అది పంపినవాడు దుర్మార్గుడే కానక్కరలేదు, తొందరలో ప్రాజెక్టు పూర్తిచేస్తున్న మీలాంటి విద్యార్థి కావచ్చు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. నిజామాబాదు జిల్లా కమ్మర్‌పల్లిలో పసుపు పరిశోధన కేంద్రం ఉందని మీరు వినే ఉంటారు. ఆ చుట్టుపక్కల పండే పసుపు నిజామాబాదు మార్కెట్ యార్డుకు వస్తుంది. 2016 ఏప్రిల్ 14న దేశంలో ఈ-నామ్ ఆన్‌లైన్ వేలం మొదలైనప్పుడు తొలి విడత 21 మార్కెట్లలో నిజామాబాదు ఒకటి. యార్డులో రైతు సరుకు ఒక లాట్‌గా నమోదవుతుంది. ఖరీదుదారులు ఆ లాట్‌కు ఆన్‌లైన్‌లో ధర వేస్తారు.

ఇలాంటి ఒక యార్డుకు మీరే ఒక మొబైల్ యాప్, దాని వెనుక ఒక ఎ.పి.ఐ. తయారుచేశారనుకోండి. (ఇది మన ఊహ. ఈ-నామ్ లోపలి నిర్మాణం గురించి కాదు.) ఎ.పి.ఐ. కోసం గ్రాఫ్‌క్యూఎల్ ఎంచుకున్నారు. ఫేస్‌బుక్ 2012లో తన అవసరాలకు తయారుచేసుకుని, 2015లో అందరికీ విడుదల చేసిన క్వెరీ భాష ఇది. ఏ సమాచారం కావాలో, ఎంత లోతుకు కావాలో అడిగేవారే నిర్ణయించుకోవచ్చు. దాని సుగుణం అదే, ప్రమాదమూ అదే.

కమ్మర్‌పల్లి రైతు తన లాట్‌కు వచ్చిన ధరలు చూడాలనుకున్నాడు. యాప్ పంపే క్వెరీ: ఒక లాట్, దాని 20 బిడ్లు, ఒక్కో బిడ్ వేసిన ఖరీదుదారు పేరు. మొత్తం 1 + 20 + 20, అంటే 41 అంశాలు. సర్వర్‌కు ఇది లెక్కలోకే రాదు.

ఇప్పుడు ఇంకొకరు ఇలా అడిగారు: యార్డులోని 100 లాట్లు, ఒక్కో లాట్‌కు 20 బిడ్లు, ఒక్కో బిడ్ వేసిన ఖరీదుదారు, ఆ ఖరీదుదారు వేసిన మరో 100 బిడ్లు. లెక్క వేయండి. 100 లాట్లు, 2,000 బిడ్లు, 2,000 ఖరీదుదారు వివరాలు, ఆపైన 2,00,000 బిడ్లు. మొత్తం 2,04,100. ఇంకో రెండు మెట్లు దిగి, ఆ బిడ్లు పడిన లాట్లనూ, ఒక్కో లాట్‌కు 20 బిడ్లనూ అడిగితే చివరి మెట్టులోనే 40 లక్షలు. క్వెరీ పాఠంలో పెరిగింది రెండు పంక్తులే. లాట్ నుంచి బిడ్‌కు, బిడ్ నుంచి ఖరీదుదారుకు, అక్కడి నుంచి మళ్ళీ బిడ్‌కు దారి ఉంది కాబట్టి ఈ చుట్టుతిరుగుడుకు అంతం లేదు.

ఈ ఎత్తు కొత్తదేమీ కాదు. ఎక్స్‌ఎంఎల్‌లో ‘వంద కోట్ల నవ్వులు’ అనే పాత దాడి ఉంది. ఒక పదాన్ని పదిసార్లు, ఆ పదింటిని మళ్ళీ పదిసార్లు అని నిర్వచిస్తూ పోతే, ఒక కిలోబైటు కూడా లేని పాఠం విప్పుకునేసరికి దాదాపు 3 గిగాబైట్ల మెమరీ మింగుతుంది.

ఫిబ్రవరి, మార్చి నెలల్లో యార్డు పసుపుతో నిండి ఉన్న రోజున డేటాబేస్ ఈ 40 లక్షల వెంట పడితే, 41 అంశాలు అడిగిన రైతు ఫోన్‌లో తెర తిరుగుతూనే ఉంటుంది. ధర ఒప్పుకోవాలో వద్దో అతను ఆ కాసేపట్లోనే తేల్చుకోవాలి.

‘నిమిషానికి 60 అభ్యర్థనలే అనుమతిస్తాను’ అన్నది చాలామందికి మొదట తోచే పరిష్కారం. అది కావలసిందే కానీ ఇక్కడ పనిచేయదు. సర్వర్‌ను నిలిపింది ఒకే ఒక్క అభ్యర్థన. లారీలను లెక్కపెట్టి తూకం వేయకుండా వదిలేసినట్లు ఉంటుంది.

లోతుకు హద్దు పెట్టడం రెండో పద్ధతి. ఐదు మెట్ల కంటే దిగితే తిరస్కరించవచ్చు. ఇదీ సగం మందే. బిడ్, లాట్, రైతు, గ్రామం, మండలం, జిల్లా అని ఆరు మెట్లు దిగినా వచ్చేవి ఆరు అంశాలే. హద్దు చెప్పకుండా ‘యార్డులోని లాట్లన్నీ’ అంటే రెండు మెట్లలోనే వేలు వచ్చి పడతాయి.

అందువల్ల తూచవలసింది ఖరీదును. మనం పైన కాగితం మీద చేసిన గుణకారాన్ని, డేటాబేస్‌ను తాకకముందే సర్వర్ చేయాలి. అందుకు ప్రతి జాబితాకూ ఎన్ని కావాలో అడిగేవారు చెప్పి తీరాలి. గిట్‌హబ్ తన గ్రాఫ్‌క్యూఎల్ ఎ.పి.ఐ.లో ఇదే నియమం పెట్టింది: ప్రతి జాబితాకూ 1 నుంచి 100 లోపు సంఖ్య ఇవ్వాలి, ఒక క్వెరీలో మొత్తం అంశాలు 5,00,000 దాటకూడదు. మీ చిన్న యార్డు యాప్‌కు 10,000 హద్దు పెట్టినా ఎక్కువే. 41 సాఫీగా వెళ్తుంది, 2,04,100 గుమ్మం దగ్గరే ఆగుతుంది.

కాలపరిమితి కూడా పెట్టండి, కానీ ఒక మెలిక గమనించండి. పది సెకన్లకు సర్వర్ జవాబు మానుకున్నా, లోపల డేటాబేస్‌కు ఆ సంగతి చెప్పకపోతే అది తవ్వుతూనే ఉంటుంది. పరిమితి రెండు చోట్లా ఉండాలి.

నా మట్టుకు, బయటివారెవరూ వాడని యాప్‌కు ఇంత స్వేచ్ఛే అనవసరం. మీ యాప్‌లో నాలుగు తెరలుంటే నాలుగు క్వెరీలను ముందే సర్వర్‌లో నమోదు చేసి, మిగతావన్నీ తిరస్కరించండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

ఒక క్వెరీ 50 యార్డులను, ఒక్కో యార్డుకు 100 లాట్లను, ఒక్కో లాట్‌కు 20 బిడ్లను అడుగుతోంది. దాని ఖరీదు ఎంత? 10,000 హద్దులోకి రావాలంటే ఈ మూడు సంఖ్యల్లో దేన్ని తగ్గిస్తారు, ఎందుకు?