చందాతో తీరని బాధ్యత

గౌతమి, వసిష్ఠ పాయల నడుమ వెలసిన కోనసీమకు గోదావరే జీవనాధారం. ఆ గోదావరే ఏటిగట్లకు పరీక్ష పెడుతుంది కూడా. 1986 ఆగస్టులో ధవళేశ్వరం వద్ద దాదాపు 35 లక్షల క్యూసెక్కుల ప్రవాహం నమోదైన వరదను పెద్దలు నేటికీ తలచుకుంటారు. 1996 నవంబరు 6న విరుచుకుపడిన తుఫాను సుమారు వెయ్యి ప్రాణాలను బలిగొని, కొబ్బరితోటలను నేలకూల్చింది. 2022 జులైలో 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు దిగువకు రాగా లంక గ్రామాలు జలదిగ్బంధంలో చిక్కుకున్నాయి. పెద్ద వరద ఏదీ రాని ఏడాది కూడా చాకలిపాలెం నుండి కనకాయలంకకు వెళ్ళే కాజ్‌వే నీట మునిగితే ఆ ఊరివారికి పడవే దిక్కు.

ఇటువంటి వేళ ప్రభుత్వ యంత్రాంగం కదలివచ్చేలోగా గడప దాటి వచ్చేది ఇరుగుపొరుగే. పొరుగువాని హక్కును మహాప్రవక్త ముహమ్మద్ (స) ఎంతగా నొక్కి చెప్పారో మన పిల్లలకు కూడా తెలుసు. ఆ హక్కు ముస్లిం పొరుగువారికే పరిమితం కాదని కూడా మనకు తెలుసు. అయితే ఆ హక్కును మనం ఏ రూపంలో చెల్లిస్తున్నాము? ఎవరైనా రసీదు పుస్తకంతో వస్తే చందా ఇస్తాము. ఇవ్వడం మంచిదే. కాని పొరుగువానికి మన డబ్బులోనే కాదు, మన సమయంలోనూ హక్కు ఉంది. ఈ రెండవ హక్కు గురించి ఆలోచించవలసిన అవసరం ఉందని మేము భావిస్తున్నాము.

సేవాసంఘం పనితీరు

లయన్స్, రోటరీ క్లబ్బుల పేర్లు కోనసీమ పట్టణాలలో కొత్తవి కావు. 1905 ఫిబ్రవరి 23న షికాగో నగరంలో పాల్ హారిస్ అనే న్యాయవాది మరో ముగ్గురితో కలిసి రోటరీకి పునాది వేశారు. సభ్యుల కార్యాలయాలలో వంతులవారీగా సమావేశమవడం వల్లనే దానికి ఆ పేరు వచ్చింది. 1917లో అదే నగరంలో మెల్విన్ జోన్స్ చొరవతో లయన్స్ క్లబ్బుల సంఘం ఏర్పడింది. చూపూ వినికిడీ లేని హెలెన్ కెల్లర్ 1925లో లయన్స్ మహాసభలో అంధుల పక్షాన నిలవమని అభ్యర్థించిన నాటినుండి నేత్రసేవ వారి ప్రధాన కార్యక్రమమైంది.

ఈ సంఘాల బలం వాటి క్రమశిక్షణలో ఉంది. నిర్ణీత దినాన సమావేశమవుతారు. పని నిర్ణయించి పంచుకుంటారు, ఖర్చుకు లెక్క చెబుతారు. పార్టీ రాజకీయాలపైన, మతభేదాలపైన సభలో వాదోపవాదాలు జరగరాదని లయన్స్ తమ ఆశయాలలోనే రాసుకున్నారు. విభిన్న విశ్వాసాలవారు ఒకే బల్ల చుట్టూ కూర్చుని పని చేయడానికి ఈ నియమం తోడ్పడుతుంది.

ప్రవక్త (స) పాల్గొన్న ఒప్పందం

ఇతర విశ్వాసాలవారితో కలిసి సేవ చేయడం మనకు తగునా అని సంశయించేవారు హిల్ఫుల్ ఫుజూల్ ఒప్పందాన్ని గుర్తుకు తెచ్చుకోవాలి. యెమెన్ ప్రాంతపు జుబైద్ తెగకు చెందిన ఒక వర్తకుడు మక్కాలో సరుకు అమ్మగా, ఆస్ బిన్ వాయిల్ అనే ప్రముఖుడు సొమ్ము చెల్లించలేదు. ఆ పరదేశి అబూ ఖుబైస్ కొండ ఎక్కి న్యాయం కోసం మొరపెట్టుకున్నాడు. అప్పుడు కొన్ని ఖురైష్ వంశాలవారు అబ్దుల్లా బిన్ జుద్ఆన్ ఇంట సమావేశమై, బాధితుడు ఎవరైనా సరే అతని పక్షాన నిలుస్తామని ప్రతిజ్ఞ చేశారు. దైవదౌత్యానికి పూర్వం జరిగిన ఆ సమావేశంలో యువకుడైన ముహమ్మద్ (స) పాల్గొన్నారు. ఇస్లాం వచ్చిన పిదప కూడా ఆయన ఆ ఒప్పందాన్ని ఎంతో విలువైనదిగా స్మరించారు, అటువంటి దానికి మళ్ళీ పిలిచినా స్పందిస్తానని తెలిపారు. అందులో ఉన్నవారి విశ్వాసం ఏదని కాక, తలపెట్టిన కార్యం ఎటువంటిదని ఆయన చూశారు. మంచి పనులలో పరస్పర సహకారాన్ని, పాపకార్యాలలో సహాయ నిరాకరణను దివ్యఖుర్ఆన్ ఆదేశించడంలోని కొలబద్ద కూడా ఇదే.

కొన్ని సందేహాలు

జకాత్ సొమ్మును క్లబ్బు నిధికి ఇవ్వవచ్చునా అన్నది మన ఇళ్ళలో తరచుగా వినిపించే ప్రశ్న. జకాత్‌కు అర్హులైన ఎనిమిది వర్గాలను తౌబా సూరా నిర్ణయించింది. అన్ని రకాల ఖర్చులకు వినియోగమయ్యే ఉమ్మడి నిధిలో దానిని కలపకుండా, అర్హులకు విడిగా అందజేయడమే క్షేమం. సదఖా విషయంలో ఈ కట్టడి లేదు. బహుదైవారాధకురాలైన తన తల్లి వచ్చినప్పుడు ఆమెను ఆదరించవచ్చునా అని హజ్రత్ అస్మా (రజి) అడిగితే, బంధుత్వ ధర్మాన్ని పాటించమనే ప్రవక్త (స) సెలవిచ్చారు.

ఇటువంటి అంతర్జాతీయ సంస్థలలో సభ్యత్వం పట్ల కొందరు పండితులు అభ్యంతరం తెలిపిన మాట కూడా వాస్తవం. దానిపై తాము విశ్వసించే ఉలమాను సంప్రదించి నిర్ణయించుకోవడం ఉచితం. అయితే సభ్యత్వం వేరు, శిబిరంలో ఒక పూట చేయి కలపడం వేరు. సభ్యులు కానివారు కూడా రక్తం ఇవ్వవచ్చు, వృద్ధులను ఆసుపత్రికి తోడ్కొనిపోవచ్చు.

మరొక జాగ్రత్త నియ్యత్‌కు సంబంధించినది. బియ్యం సంచి అందుకుంటున్న వితంతువును ఫోటో తీసి పదిమందికి పంపితే ఆమె గౌరవం దెబ్బతింటుంది, మన సత్కార్యం ప్రదర్శనగా మారుతుంది. ఉపకారం చేసి ఎత్తిపొడిస్తే దాని పుణ్యం వ్యర్థమవుతుందని ఖుర్ఆన్ హెచ్చరించింది. పుచ్చుకునేవారి ముఖం చూపరాదన్న మాటను మనమే సభలో ప్రతిపాదిస్తే ఇతరులూ సంతోషంగా అంగీకరిస్తారు.

మన ఇంటినుండి ఏమివ్వగలం?

మొదటిది రక్తం. 18 నుండి 65 ఏళ్ళ వయస్సు, కనీసం 45 కిలోల బరువు, 12.5 గ్రాముల హీమోగ్లోబిన్ ఉన్న ఆరోగ్యవంతులు రక్తం ఇవ్వవచ్చు. పురుషులు మూడు నెలలకు, స్త్రీలు నాలుగు నెలలకు ఒకసారి ఇవ్వవచ్చు. ఎర్రకణాలు 35 నుండి 42 రోజులు, ప్లేట్‌లెట్లు ఐదు రోజులు మాత్రమే నిల్వ ఉంటాయి. కనుక ఏడాదికొక పెద్ద శిబిరం జరిపి ఊరుకుంటే చాలదు. ఏ నెలలో ఎవరు ఇస్తారో ముందుగా రాసిపెట్టుకున్న జాబితా అవసరం. తలసీమియా పిల్లలకు రెండు, మూడు వారాలకొకసారి రక్తం ఎక్కించవలసి వస్తుందని తెలిస్తే ఆ జాబితా విలువ అర్థమవుతుంది. రమజాన్ మాసంలో ఉపవాసంతో నీరసించకుండా ఇఫ్తార్ అనంతరం ఇవ్వడం శ్రేయస్కరం.

రెండవది తోడు. నేత్ర శిబిరంలో కంటిపరీక్ష ఒక పూటలో ముగుస్తుంది. అసలు పని ఆ తరువాతే మొదలవుతుంది. శుక్లాల ఆపరేషన్‌కు తీసుకువెళ్ళాలి, కొన్ని వారాలపాటు వేళకు చుక్కల మందు వేయాలి, తిరిగి పరీక్షకు చూపించాలి. వెంట వచ్చేవారు లేకనే శిబిరం వైపు చూడని వృద్ధురాళ్ళు మన వీధులలోనూ ఉంటారు. పరాయి పురుషుల మధ్యకు రావడానికి బిడియపడే అమ్మమ్మకు మన ఇంటి ఆడపడుచు తోడు వెళితే ఆమెకు చూపు దక్కుతుంది. 1987లో లయన్స్, 1989లో రోటరీ తమ సభ్యత్వాన్ని మహిళలకు కల్పించాయి. యువత కోసం లియో, రోటరాక్ట్ క్లబ్బులు ఉన్నాయి.

మూడవది సమాచారం. ఏ ఇంట మంచం పట్టిన రోగి ఉన్నాడో, ఏ పిల్ల ఫీజు కట్టలేక చదువు మానిందో వీధిలో ఉన్నవారికే తెలుస్తుంది. నిర్ణయాలు జరిగే చోట మనం లేకపోతే ఆ ఇళ్ళ సంగతి అక్కడ చెప్పేవారుండరు. అర్హులు జాబితాకు ఎక్కరు. పిదప మనవారిని ఎవరూ పట్టించుకోలేదని నిట్టూర్చి ప్రయోజనం ఉండదు. వరదకాలంలోనూ అంతే. గర్భిణులు, డయాలసిస్ రోగులు ఉన్న ఇళ్ళ వివరాలు ముందే చేతిలో ఉంటే మొదటి పడవ ఎటు వెళ్ళాలో తేలిపోతుంది.

పోలియో నేర్పిన పాఠం

మసీదు, సేవాసంఘం కలిస్తే ఏమి సాధ్యమో మన దేశం చూసింది. 1985లో రోటరీ పోలియో నిర్మూలనకు నడుం కట్టింది. ఉత్తరప్రదేశ్‌లోని కొన్ని ముస్లిం వాడలలో అపోహల కారణంగా తల్లిదండ్రులు చుక్కలమందు వేయించడానికి వెనుకాడారు. ఉలమా ముందుకు వచ్చి నచ్చజెప్పారు, మసీదుల నుండి ప్రకటనలు వెలువడ్డాయి. మూసుకున్న తలుపులు తెరుచుకున్నాయి. చివరి కేసు 2011 జనవరిలో పశ్చిమబెంగాల్‌లో నమోదైంది. 2014 మార్చి 27న భారతదేశానికి పోలియోరహిత ధ్రువీకరణ లభించింది. అప్పటివరకు కాళ్ళు చచ్చుబడినవారిలో అన్ని మతాల పిల్లలూ ఉన్నారు. నేడు పరుగెత్తుతున్నవారిలోనూ ఉన్నారు.

అమలాపురంలో గాని, రాజోలులో గాని, కొత్తపేటలో గాని ఒక కుటుంబం నెలకు ఒక ఆదివారం పూట ఈ పనికి కేటాయించడం భారం కాదు. దారిలోని ముల్లును తొలగించడాన్ని సైతం దానంగా పరిగణించే ధర్మం మనది. ఈ వారం ఇంటిల్లిపాదీ కూర్చుని, రక్తం ఎవరు ఇస్తారు, ఆసుపత్రికి తోడు ఎవరు వెళతారు, వీధిలోని అవసరాలను ఎవరు రాసుకుంటారు అని నిర్ణయించుకుందాం. చందా ఇవ్వడం మానవద్దు, దానితోపాటు మనమూ వెళదాం. ప్రతిఫలాన్ని అల్లాహ్ వద్దనే ఆశిద్దాం.