ఒక్క పంక్తి తేడా

ఒకే గ్రంథానికి పది ప్రతులుంటే పది పాఠాలుంటాయి. వాటిని పక్కపక్కన ఉంచి, ఎక్కడ ఏ మాట మారిందో కనిపెట్టడం పండితులకు పెద్ద శ్రమ. కడపలో సి.పి. బ్రౌన్ స్వంత ఖర్చుతో పండితులను నియమించి చేయించినది ఈ పనే. వేమన పద్యాల ప్రతులెన్నిటినో సేకరించి, పోల్చి చూసి, 1829లో ఆయన మద్రాసులో ప్రచురించాడు.

కంప్యూటర్ ప్రోగ్రాం కూడా ఒక గ్రంథమే. లక్షలాది పంక్తులుండే ఆ గ్రంథాన్ని అనేకమంది ఇంజనీర్లు ప్రతిదినమూ దిద్దుతూ ఉంటారు. నిన్నటి ప్రతికీ నేటి ప్రతికీ తేడా ఏమిటో కంటితో వెదకడం అసాధ్యం.

ఈ చిక్కును తీర్చడానికి అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో డగ్లస్ మెకిల్‌రాయ్ 'డిఫ్' అనే సాధనాన్ని రూపొందించాడు. 1974లో అది యూనిక్స్ ఐదవ కూర్పుతో వెలువడింది. దాని సూత్రం సులభమే. పాత ప్రతిలో క, చ, ట, త అనే పంక్తులు, కొత్త ప్రతిలో క, ట, త, ప అనే పంక్తులు ఉన్నాయనుకుందాం. రెండింటిలోనూ అదే వరుసలో ఉన్నవి క, ట, త. మిగిలిన వాటిలో చ తొలగించినది, ప చేర్చినది. ఉమ్మడి వరుస ఎంత పొడవుగా దొరికితే, మార్పుల జాబితా అంత చిన్నదవుతుంది.

1985లో లారీ వాల్ 'ప్యాచ్' అనే సాధనాన్ని విడుదల చేశాడు. దానితో ప్రోగ్రాం మొత్తాన్ని పంపనవసరం లేకుండా, తేడాలను మాత్రమే పంపితే సరిపోయేది. 2005లో లైనస్ టోర్వాల్డ్స్ ప్రారంభించిన 'గిట్' నేడు ప్రపంచమంతటా వాడుకలో ఉన్నది.

ఇంత శ్రద్ధ ఎందుకు? 2014 ఫిబ్రవరి 21న ఆపిల్ సంస్థ ఐఫోన్లకు అత్యవసరంగా ఒక సవరణను విడుదల చేసింది. భద్రతకు సంబంధించిన ప్రోగ్రాంలో 'గోటు ఫెయిల్' అనే ఆజ్ఞ వెంటవెంటనే రెండుసార్లు పడింది. మొదటిది షరతుకు లోబడినది. రెండవదానికి ఏ షరతూ లేదు. ఫలితంగా, అవతలి కంప్యూటర్ సంతకాన్ని సరిచూసే ఘట్టం దాటిపోయి, పరీక్ష నెగ్గినట్లే లెక్క అయ్యేది. మోసగాడు బ్యాంకు వేషం వేసుకొని వచ్చినా ఫోను నమ్మే ప్రమాదం ఏర్పడింది. ఆపిల్ బహిరంగపరచిన పాత, కొత్త ప్రతులను పోల్చి చూస్తే, తక్కిన మార్పుల నడుమ ఆ అదనపు పంక్తి స్పష్టంగానే కనిపిస్తుంది.

సాధనం తేడాను చూపగలదే గాని, అది దిద్దుబాటో పొరపాటో చెప్పలేదు. అందుకే ప్రతి మార్పుకూ కారణం వ్రాసి ఉంచడం, మరొకరు చదివి ఒప్పుకున్న తరువాతనే దానిని చేర్చుకోవడం మంచి ఇంజనీర్లు పాటించే నియమం.