ఎముకలను మెత్తబరచిన కుండ

కందిపప్పుకు మూడు విజిళ్లు, నానబెట్టిన శనగలకు ఆరు. మన ఇళ్లలో వంట లెక్క ఇలాగే నడుస్తుంది. ప్రెషర్ కుక్కర్ పుట్టి మాత్రం 340 ఏళ్లు దాటింది. అప్పట్లో అందులో ఉడికినవి ఎముకలు.

ఫ్రాన్సులో 1647లో పుట్టిన డెనిస్ పాపిన్ వైద్యం చదివాడు. లండన్ చేరి శాస్త్రవేత్త రాబర్ట్ బాయిల్ ప్రయోగాలకు సాయపడ్డాడు. 1679లో ఒక లోహపు పాత్రకు మూత బిగించి, ఆవిరి బయటికి పోకుండా వండి చూపించాడు. గట్టి ఎముకలు సైతం మెత్తబడ్డాయి. 1682 ఏప్రిల్ 12న అక్కడి శాస్త్రవేత్తల సంఘం రాయల్ సొసైటీ సభ్యులు ఆ పాత్రలో వండిన చేపలు, మాంసంతో విందు చేసుకున్నారు. ఆ రుచిని వారిలో ఒకడైన జాన్ ఎవ్లిన్ తన డైరీలో మెచ్చుకున్నాడు కూడా.

బంధించిన ఆవిరి పాత్రను పేల్చేస్తుందని పాపిన్‌కు తెలుసు. అందుకే మూతకు చిన్న రంధ్రం పెట్టి, దాన్ని బరువు కట్టిన కాడతో నొక్కి ఉంచాడు. ఒత్తిడి హద్దు దాటితే బరువు లేస్తుంది, ఆవిరి పోతుంది. పాత్ర కంటే ఈ కవాటమే అతను లోకానికిచ్చిన గొప్ప కానుక. ఇవాళ మన కుక్కర్ మీది విజిల్ చేసేదీ ఆ పనే.

ఇక మన దేశానికి వస్తే, బొంబాయిలో బర్మా షెల్ కంపెనీ 1955లో వంటగ్యాస్ అమ్మకం మొదలుపెట్టింది. 1959లో కుక్కర్ల కంపెనీ హాకిన్స్ కూడా అక్కడే పుట్టింది. అలా గ్యాస్ పొయ్యి, కుక్కర్ దాదాపు ఒకేసారి మన వంటింటికి బయల్దేరాయి.

మూత లేని గిన్నెలో నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి. మంట ఎంత పెంచినా వేడి అంతకు మించదు, నీళ్లు త్వరగా ఇగిరిపోతాయంతే. కుక్కర్లో ఒత్తిడి బయటి గాలికి దాదాపు రెట్టింపవుతుంది, వేడి 120 డిగ్రీలకు చేరుతుంది. పప్పును ఉడికించేది ఆ వేడే. విజిల్ కూసిందంటే అక్కర్లేని ఆవిరి బయటికి పోతోందని అర్థం. కాబట్టి మొదటి విజిల్ రాగానే సిమ్‌లో పెట్టి, అక్కణ్నుంచి నిమిషాలు చూసుకుంటే చాలు. పప్పూ ఉడుకుతుంది, గ్యాసూ మిగులుతుంది. మంట అడుగు దాటి పక్కలకు ఎగబాకితే ఆ వేడి గాలిపాలే. నీలంగా ఉండాల్సిన మంట పసుపు రంగుకు మారితే బర్నర్ రంధ్రాలు శుభ్రం చేయాలి.

పప్పు పొంగి నురగ కడుతుంది. ఆ నురగతో పైకొచ్చిన ఒక్క పొట్టు చాలు, ఆవిరి గొట్టానికి అడ్డం పడటానికి. అప్పుడు కాపాడేది మూత మీది సేఫ్టీ వాల్వ్ ఒక్కటే. అందుకే పప్పు, నీళ్లు కలిపి సగానికి మించి పోయకూడదు. ఆవిరి పూర్తిగా దిగకముందే మూత లాగడం ప్రాణాల మీదికి తెస్తుంది.

రేపు కుక్కర్ పెట్టేముందు మూతను వెలుగుకేసి ఎత్తి, ఆవిరి గొట్టంలోంచి ఒకసారి చూడండి. అవతలి వెలుతురు కనిపించాకే మూత బిగించండి.