తరిణెపై తయారగు లక్క కీచైను

అనకాపల్లి జిల్లాలో వరాహనది యొడ్డున నున్న ఏటికొప్పాక గ్రామము లక్కబొమ్మలకు పేరుగాంచినది. 2017లో ఆ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు లభించినది. బొంగరములు, కుంకుమభరిణెలు, దేవతామూర్తులు అచ్చటి కళాకారుల నైపుణ్యమునకు నిదర్శనములుగా నెన్నబడుచుండగా, బొటనవ్రేలంత కీచైను బిళ్ళను ఎవరును అంతగా పరికింపరు. కాని కొయ్య, లక్క, ఘర్షణ అను మూడింటి స్వభావమును ఒక్కచోట పరిశీలింపగోరువారికి ఇంతకన్న అనువగు వస్తువు లేదని నా నమ్మకము.

దీనికి వాడునది అంకుడు కఱ్ఱ. తెల్లనిదై, మెత్తనిదై, సన్నని పొరలు కలదగుటచే ఉలికి పీచు లేవక నునుపుగా తెగును. ఐనను పచ్చికొయ్యను తరిణె పట్టరాదు. కణముల గోడలయందు ఇమిడియున్న నీరు వెడలిపోవునపుడు కొయ్య సంకోచించును. అందును వార్షిక వలయముల వెంబడి కలుగు సంకోచము, మధ్యమునుండి వెలుపలికి కలుగుదానికి ఇంచుమించు రెట్టింపుగా నుండుటచే, గుండ్రముగా చెక్కినది కోలయగును, ఒక్కొక్కప్పుడు పగులును. చిన్నముక్కలో తేమ వెలుపలికి చేరవలసిన దూరము స్వల్పము గనుక అది త్వరగాను సమముగాను ఆరును.

పూర్వము ఒకరు త్రాటితో కదురును ముందునకు వెనుకకు త్రిప్పుచుండగా మఱియొకరు ఉలి పట్టెడివారు. నేడు విద్యుత్తు మోటారు ఆ శ్రమను తీర్చినది. 20 మిల్లీమీటర్ల వ్యాసము గల బిళ్ళ నిమిషమునకు 1500 చుట్లు తిరిగినచో, దాని అంచు సుమారు 94 మీటర్లు పరుగెత్తును. 100 మిల్లీమీటర్ల గిన్నెకు అంతే వేగము 300 చుట్లతో వచ్చును. చిన్నవస్తువును వడిగా త్రిప్పుటకు కారణమిదియే.

ఇక అసలు విశేషము లక్క పట్టించుటలో నున్నది. మోదుగ, రేగు మొదలగు చెట్ల కొమ్మలపై జీవించు పురుగులు స్రవించు ఈ జిగురు, 65–70 డిగ్రీల సెల్సియస్ వద్దనే మెత్తబడును. రంగు కలిపిన లక్క కడ్డీని తిరుగుచున్న కొయ్యకు ఒత్తిపట్టగా, ఘర్షణవలన పుట్టిన వేడిమి లోనికి చొరబడలేదు; ఏలయన ఉక్కుతో పోల్చిన కొయ్య ఉష్ణవాహకత కొన్ని వందల వంతులు తక్కువ. అందుచే ఆ వేడిమి యంతయు పైపొరయందే నిలిచి, లక్కను కరగించి, పలుచగా పఱచును. కుంచె లేదు, పొయ్యి లేదు, ఆరుటకు నిరీక్షణ లేదు. పిదప మొగలి ఆకుతో అదిమిన పొర సమమై అద్దమువలె మెఱయును. ఇంతటి యుక్తిని పుస్తకముల సాయము లేకయే కనుగొన్న శిల్పులకు నేను మనసార నమస్కరింతును.

రంగులకై పసుపు, జాఫ్రాగింజలు, నీలి వాడుదురు. సహజవర్ణములను అచ్చట పునరుద్ధరించిన సి.వి. రాజుగారు 2023లో పద్మశ్రీ పొందిరి. నిత్యము చేతిలో మెలగుచు, పసిపిల్లల నోటికి సైతము చేరు వస్తువునకు ఇట్టి రంగులే వాడదగినవి. ఐతే ఎండలో నిలిపిన కారులో దీనిని ఉంచరాదు. సులభముగా కరగు గుణము వలననే లక్క అచ్చట జిగటయై చెడును.

తుదకు బరమాతో చిన్న రంధ్రము చేసి, కొక్కెపు మరను బిగింతురు. కఱ్ఱ కొసయందు పీచు నిలువుగా నుండుటచే మర పట్టు అచ్చట పక్కభాగమునందుకంటె బలహీనము. కావున రంధ్రమును మరకన్న సన్నగా తొలిచి, పొడవైన మరను వాడి, కొంచెము జిగురు చేర్చుట మేలు.