ఆక్సిజన్ పేరులో తప్పు

మొన్న స్లిప్ టెస్టులో అన్ని ఆమ్లాల్లోనూ ఆక్సిజన్ ఉంటుందని రాసి ఒక మార్కు పోగొట్టుకున్నాను. పాత తెలుగు పుస్తకాల్లో దాని పేరు ఆమ్లజని కదా, అంటే ఆమ్లాన్ని పుట్టించేది. మరి నేనేం చేయను! ఫ్రాన్సులో లావోయిజర్ కూడా 1777లో అలాగే అనుకున్నాడు. గ్రీకులో ఆక్సిస్ అంటే పులుపు, దాంతోనే ఆక్సిజన్ అని పేరు పెట్టాడు.

డచ్చివాళ్ళు దాన్ని తమ భాషలో "పుల్లని పదార్థం" అనుకున్నారు. జపానులో ఉదగవ యోఆన్ అనే పండితుడు 1837 నుంచి అచ్చువేసిన రసాయనశాస్త్రం పుస్తకంలో ఆ డచ్చి మాట అర్థం తీసుకుని "సాన్సో" అన్నాడు. సాన్ అంటే పులుపు, సో అంటే మూలం. పుస్తకం పేరులోని "సేమి" మాత్రం రసాయనశాస్త్రానికి డచ్చి మాటే, చెవికి విన్నట్టు రాసుకున్నాడు.

హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఆక్సిజన్ లేదని ఇంగ్లండులో డేవీ 1810లోనే తేల్చేశాడు. అయినా పేరు మారలేదు. జపాను పిల్లలు ఇప్పటికీ సాన్సో అనే చదువుతారు.